నూక ఎక్కడ పుట్టింది?

మనలో చాలామందికి కష్టం వచ్చిన మరుక్షణంలోనే ముద్దాయి దొరుకుతాడు. విచారణ తరవాత తీరికగా చేసుకుంటాం. ఇంట్లో చెంచా పోతే పనిమనిషి, దుకాణంలో లెక్క తేడా వస్తే గుమాస్తా, పిల్లవాడి మార్కులు తగ్గితే సినిమాలు! ఈ తొందర సంసారంలోనయితే నాలుగు మాటలతో తేలిపోతుంది. వ్యాపారంలో మాత్రం ఒకరి అన్నం మీదికి వస్తుంది.

మా మండపేటలో ధాన్యం మరలు ఎక్కువ. మా వీధిలో ఒక పెద్దాయనకు మిల్లు వుంది. వరసకేమీ కాకపోయినా బాబాయిగారూ అని పిలుస్తాను. ఒక వేసవిలో ఆయన బియ్యంలో నూక పెరిగిపోయింది. ధాన్యానికి బియ్యం ఎంత దిగిందన్నదాని మీదే మిల్లువారి బతుకు. ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే ధాన్యానికయితే నూరు కిలోలకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అని లెక్క. అందులో నూక మితిమీరితే తీసుకోరు.

"ఏం చెప్పమంటావు మేష్టారూ! మా డ్రైవరు ముసలాడైపోయాడు. చెయ్యి వణుకుతోంది. వాణ్ణి మానిపించి, బ్యాంకులో అప్పు తీసి కొత్త మర దింపేస్తానంతే," అన్నారాయన.

ఆ డ్రైవరు ఆ మరను ఇరవయ్యేళ్ళుగా నడుపుతున్నాడు. పెళ్ళికెదిగిన కూతురుంది.

"బాబాయిగారూ, నాకు మర సంగతి తెలీదు. నాలుగు ప్రశ్నలడుగుతాను, విసుక్కోకండి," అన్నాను.

"రాత్రి పూట ఆడించేది ఎవరండీ?"

"వేరే కుర్రాడు."

"అప్పుడు నూక తగ్గుతోందా?"

ఆయన కాస్త ఆలోచించి, "లేదే! అప్పుడూ అంతే," అన్నారు.

"సార్వా ధాన్యం ఏమైనా మిగిలిందా?"

"మొన్ననేగా నలభై బస్తాలు ఆడించాం. అది బాగానే వచ్చింది."

"అదే మర మీదేనా?"

"మరే! నాకు రెండో మర ఎక్కడిదీ?"

అంటే డ్రైవరు మారినా నూక తగ్గలేదు. మర మారకపోయినా సార్వా ధాన్యం బాగానే వచ్చింది. ఇద్దరు ముద్దాయిలూ ఒక్కసారే విడుదలయ్యారు! ఇక మిగిలింది దాళ్వా ధాన్యం. అందులోనూ అన్ని లోడ్లూ చెడలేదు. పుస్తకం తీసి చూస్తే, ఏప్రిల్ ఆఖరులో వాన పడ్డాక వచ్చినవే చెడ్డాయి. వాటిని రైతులు రోడ్ల మీద, సిమెంటు కళ్ళాల మీద పల్చగా ఆరబోశారు. మండుటెండలో గింజ పైపొర ముందు ఎండిపోయి, లోపల తేమ నిలిచింది. ఆ మీదట సాయంత్రం వాన తగిలింది. అలా ఎండీ తడిసీ గింజలో వెంట్రుకవాసి పగుళ్ళు పడతాయి. మరలోకి వెళ్ళగానే అక్కడే విరుగుతుంది.

ఊహ బాగానే వుంది గాని, ఊహ సాక్ష్యం కాదు. ఆ బస్తాల్లోంచి గుప్పెడు ధాన్యం తీసి, చేత్తో పొట్టు ఒలిచి, గింజను వెలుగుకెదురుగా పట్టి చూశాం. అడ్డంగా గీతలు! మర ముట్టకముందే గింజ పగిలివుంది. బాబాయిగారు చాలాసేపు మాట్లాడలేదు. డ్రైవరు మాత్రం మిల్లులోనే వున్నాడు.

ఇది నా తెలివి కాదు. చార్లెస్ కెప్నర్, బెంజమిన్ ట్రెగో అనే ఇద్దరు అమెరికావారు 1965లో అచ్చువేసిన పుస్తకంలో చెప్పిన పద్ధతి. కష్టం ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎంత అని రాసుకోవాలి. పక్కనే, వుండదగి కూడా ఎక్కడ లేదు, ఎప్పుడు లేదు అనీ రాసుకోవాలి. 'వుంది' అనే వరసకంటె 'లేదు' అనే వరసే ఎక్కువ నిజం చెబుతుంది. ఈ రెండింటికీ నడుమనున్న తేడాలోనే కారణం దాగివుంటుంది.

కారణం దొరికినంత మాత్రాన నిర్ణయం అయిపోదు. అది రెండో మెట్టు. ఇక్కడ మనవాడే గురువు. కౌటిల్యుడి అర్థశాస్త్రాన్ని మైసూరు పండితుడు శామశాస్త్రి 1909లో ప్రకటించారు. అందులో ఆలోచనకు ఐదు అంగాలు చెప్పారు: పని మొదలుపెట్టే ఉపాయం, మనుషులూ సరంజామా, చోటూ సమయమూ, చెడితే విరుగుడు, చివరకు పని నెరవేరడం. నాలుగోది చూశారా? ఆరంభానికి ముందే 'ఇది చెడితే ఏం చేస్తాను?' అని అడుగుకోమన్నాడు. మనం ముహూర్తం చూసుకుంటాం గాని ఈ ప్రశ్న అడుగుకోం.

బాబాయిగారు కాగితం మీద మూడు దారులు రాశారు. కొత్త మర కొంటే అప్పు మిగులుతుంది, పగిలిన గింజ పగిలినట్టే వుంటుంది. ధాన్యం తిప్పి పంపితే రైతు నష్టపోతాడు, వచ్చే ఏడు ఆయన గుమ్మం తొక్కడు. మూడోది ఉప్పుడు చేయించడం. నానబెట్టి ఆవిరి పట్టిస్తే గింజలోని పిండిపదార్థం మెత్తబడి పగుళ్ళు అతుక్కుంటాయి, నూక తగ్గుతుంది. మన జిల్లా ఉప్పుడు బియ్యానికి కేరళలో గిరాకీ వుండనే వుంది. అయితే రంగు మారుతుంది, పచ్చి బియ్యంగా అమ్మడం కుదరదు, ఉడికించిన ఖర్చూ వుంది. ఇవన్నీ ఎదురుగా పెట్టుకునే మూడోదానికి మొగ్గారు. చెడితే విరుగుడేమిటంటే, ముందుగా ఒక్క లోడే చేయించి చూడడం. ఆ లోడు బాగా వచ్చాకే మిగతావి పంపారు. వచ్చే దాళ్వాకు ధాన్యం కాస్త మందంగా పోసి, తరచు తిరగేసి, మధ్యాహ్నపుటెండలో కప్పి వుంచమని రైతులకు చెప్పారు.

ఈ గోదావరి సీమే ఇటువంటి విచారణ వల్ల బాగుపడింది. కరువులతో చితికిన రాజమండ్రి జిల్లా దుస్థితి మీద 1844లో మాంట్‌గోమరీ నివేదిక రాశాడు. నీటి సంగతి కాటన్ పరిశీలించాడు. ఆ తరవాతే 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలై 1852లో పూర్తయింది. ముందు విచారణ, తరవాత రాయి.

ఇదంతా మిల్లువారికే గాని మాకెందుకంటారా? అబ్బాయికి లెక్కల్లో మార్కులు తగ్గాయనుకోండి. సినిమాలు మానిపించే ముందు, మిగతా పాఠాల్లో తగ్గాయా, తోటి పిల్లలకు తగ్గాయా, ఏ నెలనుంచి తగ్గాయి అని రాసి చూడండి. వాడికి నల్లబల్ల మీది అంకెలే కనబడటం లేదేమో!

ఒక కాగితం, రెండు వరసలు, ఒక పూట ఓర్పు. ఖర్చు అంతే. అవతల ఒక మనిషి జీతం వున్నప్పుడు ఆ మాత్రం ఖర్చు పెట్టవద్దూ?