నీటికి దారి లేని గోడలు: బెళ్ళందూరు ఆవరణల నుంచి సరిహద్దు పల్లెల దాకా

బెంగళూరుకు ఆగ్నేయాన ఉన్న బెళ్ళందూరు పేరు చెప్పగానే చాలామందికి గుర్తుకు వచ్చేవి చెరువు మీది తెల్లని నురుగు, 2018 జనవరిలో ఆ చెరువులోనే చెలరేగి సైనికులు వచ్చి ఆర్పవలసివచ్చిన మంటలు, ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి బారులు తీరిన అద్దాల కార్యాలయాలు. సుమారు 900 ఎకరాల ఆ చెరువు నగరంలోని చెరువులన్నింటిలోకీ పెద్దది. కోరమంగళ, చల్లఘట్ట లోయ నీరు అందులోకి దిగి, అక్కడి నుంచి వర్తూరు చెరువుకు, ఆపైన దక్షిణ పినాకినికి సాగిపోతుంది. అందరి దృష్టీ ఆ నీటి మీద నిలిచి ఉండగా, లోయ వాలులో ఇళ్ళ ఆవరణల చుట్టూ లేస్తున్న సిమెంటు దిమ్మెల గోడల సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ గోడలు కట్టే చేతులలో అనేకం చిత్తూరు, అనంతపురం సరిహద్దు పల్లెలవి. కుప్పం నుంచి బంగారుపేట మీదుగా రైలులోనూ, పలమనేరు నుంచి ముళబాగిలు మీదుగా బస్సులోనూ వెళ్ళే బేల్దార్లకూ, కూలీలకూ ఈ విషయంతో సంబంధం ఉంది. వారి కోసం ఎదురుచూసే కుటుంబాలకు ఇంకా ఎక్కువ సంబంధం ఉంది.

చెరువులోకి నీరు దిగే నేల వాలుగానే ఉంటుంది. వాలు నేలను సైట్లుగా కోసినప్పుడు ఎగువ సైటుకూ దిగువ సైటుకూ నడుమ మూడు నాలుగు అడుగుల తేడా వస్తుంది, కొన్నిచోట్ల ఆరేడు అడుగులు కూడా. ఎగువ యజమాని తన వాకిలి రోడ్డు మట్టానికి రావాలని ట్రాక్టర్లతో మట్టి తోలిస్తాడు. ఆ మట్టి జారకుండా హద్దు మీద గోడ పెట్టిస్తాడు. 2022 సెప్టెంబరు మొదటి వారపు వానలకు సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాలు మునిగి, ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి కార్యాలయాలకు పోవలసివచ్చిన చోట నేల ఎత్తు పెంచుకోవాలన్న ఆత్రం సహజమే. అయితే బేల్దారికి యజమాని చెప్పే మాట 'కాంపౌండు కట్టు' అనే. చిక్కు ఆ మాటలోనే మొదలవుతుంది.

ప్రహరీకి రెండు వైపులా గాలే. హద్దు చూపడం, పశువునూ పరాయివాడినీ ఆపడం దాని పని. మట్టిని ఆపే గోడ అలా కాదు, ఒక వైపు నుంచి వచ్చే ఒత్తిడిని రాత్రింబవళ్ళు మోస్తూ నిలబడాలి. ఇంజనీర్లు దానిని రిటైనింగ్ వాల్ అంటారు. కన్నడంలో 'తడెగోడె' అనే చక్కని మాట వాడుకలో ఉంది. తెలుగులో మట్టికట్టు గోడ, రక్షణ గోడ అని రకరకాలుగా అంటున్నా ఒక్క పేరు స్థిరపడలేదు. పేరు లేని వస్తువును జనం తెలిసిన పేరుతోనే పిలుస్తారు, తెలిసిన పద్ధతిలోనే కడతారు.

ఆ పద్ధతి ఎంత ప్రమాదకరమో చిన్న లెక్క చెబుతుంది. రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగుల ఎత్తు గోడ వెనుక పొడి గరప మట్టి నింపారనుకుందాం. గోడ పొడవులో ప్రతి మీటరునూ ఆ మట్టి సుమారు 1,200 కిలోల బలంతో నెడుతుంది. ఎనిమిది అంగుళాల దిమ్మెలతో ఒంటి వరుసగా కట్టిన గోడ బరువు మీటరుకు 800 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. మట్టి గోడను దాని ఎత్తులో మూడో వంతు దగ్గర నెడుతుంది. గోడ బరువేమో అడుగు అంచుకు కేవలం నాలుగు అంగుళాల దూరంలో నిలిచి ఆ నెట్టుడును ఎదుర్కోవాలి. రెండింటినీ గుణించి చూస్తే, పడదోసే శక్తి నిలబెట్టే శక్తికి దాదాపు పది రెట్లు. మరి అలాంటి గోడలు ఇన్ని నిలిచే ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. వాటిని నిలబెడుతున్నది దిమ్మెల మధ్య సిమెంటు పట్టు, గట్టిపడిన మట్టికి ఉండే స్వంత పట్టు. ఆ రెండింటికీ ఏ లెక్కా లేదు, ఏ హామీ కూడా లేదు.

ఎత్తు విషయంలో ఇంకొక సంగతి ఉంది. మూడడుగుల గోడను ఆరడుగులకు పెంచితే బరువు రెట్టింపు అవుతుందని అనుకోవడం మామూలు. నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది, పడదోసే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. పునాది మార్చకుండా 'ఇంకో మూడు వరుసలు వేయి' అన్న యజమాని మాటకు ఇదీ అర్థం. పైన కారు నిలిపినా, నీళ్ళ ట్యాంకు పెట్టినా అదనం.

ఇదంతా పొడి మట్టి లెక్క. వాన కురిసి, నీరు బయటపడే దారి లేక మట్టి నిండా నిలిచిపోతే ఆ 1,200 కిలోల నెట్టుడు 2,500 కిలోలు దాటుతుంది. ఇటువంటి ప్రమాదాలు వానవేళనే తరచుగా జరగడానికి కారణమదే. 2024 మే 7 సాయంత్రం హైదరాబాదు బాచుపల్లిలో భారీ వర్షానికి నిర్మాణంలో ఉన్న అపార్టుమెంటు రిటైనింగ్ గోడ కూలి, దాని పక్కనే రేకుల షెడ్లలో ఉన్న ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీ కుటుంబాలవి. మృతులలో నాలుగేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. 2025 ఏప్రిల్ 30 తెల్లవారకముందే సింహాచలం కొండపై, చందనోత్సవానికి 300 రూపాయల క్యూలో నిలిచిన ఏడుగురు భక్తులపై కొద్ది రోజుల ముందే కట్టిన గోడ వర్షానికి కూలింది. విచారణ జరిగింది, దేవస్థానం కార్యనిర్వహణాధికారితో సహా పలువురు సస్పెండయ్యారు. అదే ఏడాది మే 19 ఉదయం బెంగళూరు మహదేవపుర ప్రాంతంలో, రాత్రి వానకు నానిన కాంపౌండు గోడ పనికి వచ్చిన 35 ఏళ్ళ పారిశుద్ధ్య ఉద్యోగినిపై పడి ప్రాణం తీసింది. బెళ్ళందూరు కూడా ఆ మహదేవపుర నియోజకవర్గంలోనిదే.

నీటి సమస్యకు పరిష్కారం ఖరీదైనది కాదు. గోడ వెనుక అడుగు మందాన కంకర పోసి, గోడ అడుగున ఐదారడుగులకు ఒకటి చొప్పున మూడు నాలుగు అంగుళాల గొట్టాలు బయటికి వంచి పెడితే నీరు తనంతట తానే పోతుంది. చెరువుకు తూము ఎందుకో తెలిసిన రైతుకు ఇది వివరించనక్కరలేదు. విచిత్రమేమంటే, చెరువు తూము గురించి పూట పొడుగునా మాట్లాడగల మనిషే పట్నంలో గోడ కట్టేటప్పుడు ఆ గొట్టాలు మరచిపోతాడు. మరవడం కూడా కాదు, గోడకు పూసిన సున్నం మీద మరకలు పడతాయని యజమానే వద్దంటాడు. దిగువ సైటువాడు తన వాకిట్లోకి నీరు రానివ్వనని తగవు పడతాడు. అక్కడ గొట్టాల నీటిని కాలువకు మళ్ళించే ఒప్పందం గోడ లేవకముందే కుదరాలి.

దిమ్మెలతో కట్టకూడదని కాదు. బోలు దిమ్మెల గూళ్ళలో పునాది నుంచే ఇనుప కడ్డీలు నిలిపి, కాంక్రీటు నింపి, గోడ ఎత్తులో కనీసం సగం వెడల్పున మట్టి కిందికి చొచ్చుకుపోయే అడుగు పలక పోస్తే గోడ నిలుస్తుంది. ఎందుకంటే అప్పుడు మట్టి బరువే పలకను అణచిపెట్టి గోడను కాపాడుతుంది. 1980 దశకంలో అమెరికాలో మొదలైన మరొక పద్ధతిలో సిమెంటే వాడరు. ఒకదానికొకటి తగులుకునే బరువైన దిమ్మెలను ఒక్కొక్క వరుసా కొంచెం వెనక్కి జరుపుతూ పేరుస్తారు. ఎత్తు గోడలైతే వరుసల మధ్య జియోగ్రిడ్ అనే ప్లాస్టిక్ వల పరచి మట్టిలోకి తీసుకుపోతారు. దిమ్మెల సందుల నుంచి నీరు పోతుంది. అక్కడి నమూనా భవన నియమావళి ప్రకారం పునాది అడుగు నుంచి లెక్కించి నాలుగడుగులు దాటిన మట్టి గోడకు అనుమతి తీసుకోవాలి. భారత ప్రమాణాల సంస్థ కూడా కొండ ప్రాంతాల రిటైనింగ్ గోడలకు 1998లోనే ఐఎస్ 14458 అనే మార్గదర్శకం వెలువరించింది. కానీ ఇంటి నక్షాను పరిశీలించే కన్ను ఆవరణ గోడ దాకా రావడం అరుదు. బెంగళూరు మహానగర పాలికె 2025 సెప్టెంబరులో ఐదు పాలికెలుగా విడిపోయింది. గోడలకొక లెక్క ఉండాలని వాటిలో ఏ ఒక్కటైనా పట్టుబడితే ఆ విభజన వల్ల ఒక మేలు జరిగినట్లే.

ఇక గోడ నీడన నిద్రపోయేవారి మాట. 2014 జూలై 6న తమిళనాడు తిరువళ్ళూరు జిల్లా ఉప్పరపాళయంలో గిడ్డంగి గోడ పక్క స్థలంలోని గుడిసెలపై పడి 11 మంది మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ నుంచి కూలికి వెళ్ళినవారు. 2019 జూన్ 29 అర్ధరాత్రి దాటాక పుణె కొంఢవాలో గృహ సముదాయం గోడ పక్కనున్న నిర్మాణ స్థలంలోకి కూలి, షెడ్లలోని 15 మంది చనిపోయారు. ఎగువన మట్టి మోస్తున్న గోడ, దిగువన కూలీల షెడ్లు: బాచుపల్లిలోనూ ఇదే అమరిక. షెడ్డుకు ఒక గోడ ఖర్చు కలిసివస్తుందని గుత్తేదారు అక్కడ వేస్తాడు, గాలివాన తగలదని కూలీ ఒప్పుకుంటాడు.

చట్టం ఈ చిన్న పనుల దగ్గరకు రాదు. నిర్మాణ కార్మికుల 1996 చట్టం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్లకే వర్తించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులలో ఆ చట్టం కలిసిపోయినా, పదిమందికి తగ్గిన పని నిర్మాణ పని నిర్వచనానికి వెలుపలే ఉండిపోయింది. ఒక ఆవరణ గోడకు ఇద్దరు బేల్దార్లు, ముగ్గురు కూలీలు చాలు. అంటే గోడ పడితే లెక్కకు రాని పనిలో లెక్కకు రాని మనుషులన్నమాట. పెద్ద నిర్మాణాలలో కూడా పనిచేసేవారు ఏడాదిలో 90 రోజుల పని చూపించి సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. 18 నుంచి 60 ఏళ్ళ లోపు వారందరూ అర్హులే. ఊరు విడిచేముందు ఆ కార్డు సంగతి అడగడం ఇంట్లోని ఆడవారి బాధ్యతగా మారిపోతున్నది, ఎందుకంటే మేస్త్రీ తనంతట తాను చెప్పడు.

పట్నంలో నేర్చిన పని పల్లెకు తిరిగివస్తుంది. సరిహద్దు మండలాలలో గుట్ట వాలున కొత్త ఇల్లు కట్టేవారు ఇప్పుడు రాతిని వదిలి సిమెంటు దిమ్మెలనే అడుగుతున్నారు. పాతవారు కట్టిన రాతి కట్టు అడుగున వెడల్పుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడి, మట్టి వైపు ఒరిగి ఉంటుంది. సున్నం గాని సిమెంటు గాని లేనందున ప్రతి సందూ ఒక తూమే. చెరువు కట్ట లోపలి వైపు పేర్చిన రాళ్ళను చూసినా ఈ తెలివి తెలుస్తుంది. రాయి దొరికే చోట, ఎత్తు నాలుగడుగుల లోపు ఉన్న చోట దానిని కాదని ఒంటి వరుస దిమ్మెల గోడ కట్టడానికి నునుపైన రూపు తప్ప వేరే కారణం కనబడదు.

ఇప్పటికే కట్టినవాటిని వానాకాలం ముందు ఒకసారి నడిచి చూడాలి. నడుమ ఉబ్బిన గోడ, వరుస వెంట అడ్డంగా పారిన చీలిక, బయటి వైపు ఆరకుండా నిలిచిన చెమ్మ, తూకం గుండు వేస్తే బయటికి వాలిన అంచు కనిపిస్తే పైనున్న మట్టిని తీసి బరువు తగ్గించడం తొలి పని. బయటి నుంచి సిమెంటు పూసి చీలిక మూయడం వల్ల నీరు లోపలే ఉండిపోతుంది. బెళ్ళందూరుకు పనికి వెళ్ళేవారు చేరిన మొదటి సాయంత్రమే అడగవలసింది కూలి రేటు ఒక్కటే కాదు: షెడ్డు వెనుక గోడకు ఆవల ఉన్నది గాలా, మట్టా? మట్టి అయితే పడక కనీసం గోడ ఎత్తుకు మించిన దూరంలో వేసుకోవాలి, వాన రాత్రి మరీ ముఖ్యంగా.