వెంటిలేటర్లు వచ్చాయి.. పక్కన నిలబడే మనిషేడీ?

‘అబ్బాను వెంటిలేటర్ మీద పెట్టారట’.. ఈ ఒక్క మెసేజ్ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడగానే సగం మంది దువా మొదలుపెడతారు, మిగతా సగం ఆశ వదిలేసుకుంటారు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న కొడుకుల మధ్య రెండే ప్రశ్నలు. రోజుకు ఎంత? ఇంకా ఎన్ని రోజులు? మొదటిదానికి బిల్లింగ్ కౌంటర్‌లో జవాబు దొరుకుతుంది. రెండోది మాత్రం జబ్బు ఎంత ముదిరిందన్న దానితో పాటు, మిషన్ పక్కన ఎవరున్నారన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. మన దగ్గర చర్చ ఎప్పుడూ మిషన్ల లెక్క దగ్గరే ఆగిపోతోంది.

కరోనా మొదలైన ఏడాది, 2020 మే నెలలో, పీఎం కేర్స్ నిధి నుంచి సుమారు 2,000 కోట్ల రూపాయలతో 50,000 వెంటిలేటర్లు కొంటామని కేంద్రం ప్రకటించింది. మరుసటి ఏడాది సెకండ్ వేవ్‌లో, వాటిలో కొన్ని సరిగా పనిచేయడం లేదన్న వివాదం బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ దాకా వెళ్లింది. నడిపేవాళ్లు లేక మిషన్లు మూలన పడి ఉన్నాయన్న వార్తలూ చాలా రాష్ట్రాల నుంచి వచ్చాయి. ఇందులో వింతేం లేదు. మిషన్ ఒకసారి కొనే ఆస్తి, రిబ్బన్ కట్ చేసి ఫోటో దిగొచ్చు. నర్సు జీతం నెలనెలా వచ్చే ఖర్చు. బడ్జెట్‌లో మొదటిది సులువుగా పాసవుతుంది, రెండోది కాదు.

అసలు వెంటిలేటర్ న్యుమోనియాను తగ్గించదు. మందులు పనిచేసే దాకా ఊపిరి ఆడించి టైమ్ ఇస్తుంది, అంతే. సరిగా వాడకపోతే ఊపిరితిత్తులను అదే పాడు చేస్తుంది. 2000లో అమెరికాలో ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న 861 మంది మీద జరిగిన అధ్యయనంలో, ఒక్కో శ్వాసకు పంపే గాలిని కిలోకు 12 మిల్లీలీటర్ల నుంచి 6కు తగ్గిస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి దిగాయి. కొత్త మిషన్ లేదు, కొత్త మందు లేదు. ఆ కిలోలు కూడా మనిషి అసలు బరువు కాదు, ఎత్తును బట్టి కట్టే లెక్క. అంటే ఎవరో ఒకరు టేపు పట్టుకుని పేషెంట్ ఎత్తు కొలవాలి!

మత్తు సంగతీ ఇంతే. గొంతులో ట్యూబ్‌తో పేషెంట్ అల్లాడకుండా మత్తు ఇస్తారు. రోజూ కాసేపు ఆ మత్తు ఆపి, మనిషిని మేల్కొలిపి చూస్తే వెంటిలేటర్ మీద ఉండే కాలం సగటున 7 రోజుల నుంచి 5 రోజులకు తగ్గినట్టు షికాగో డాక్టర్లు అదే ఏడాది చూపించారు. రెండు రోజులు తగ్గడమంటే రెండు రోజుల బిల్లు, రెండు రోజుల ఇన్‌ఫెక్షన్ భయం తగ్గడం. కానీ మత్తు తగ్గినప్పుడు పేషెంట్ ట్యూబ్ పీకేసుకోకుండా పక్కనే ఒకరు నిలబడాలి. ముగ్గురు పేషెంట్లకు ఒకే నర్సు ఉన్న చోట ఏం చేస్తారు? మత్తు కొనసాగిస్తారు. ఆ నర్సుది తప్పనడానికి లేదు. వెంటిలేటర్ పేషెంట్‌కు ఒక నర్సు ఉండాలన్నది మాట వరకే మిగిలిపోతోంది.

అందుకే ఐసీయూ డాక్టర్ బయటికొచ్చినప్పుడు ‘ఎలా ఉంది సార్’ అని ఊరుకోకుండా కుటుంబం అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈరోజు మత్తు తగ్గించి చూశారా? సొంతంగా ఊపిరి తీసుకునే పరీక్ష పెట్టారా, ఎందుకు పెట్టలేదు? తల వైపు మంచం ఎత్తి ఉంచుతున్నారా? నోరు శుభ్రం చేస్తున్నారా? వీటికి డిగ్రీ అక్కర్లేదు. గొంతుకు రంధ్రం పెడతామనగానే ‘ఇక అయిపోయింది’ అని ఏడుస్తారు గానీ, చాలామందికి అది మిషన్ నుంచి బయటపడే దారి. అవసరం తీరాక ట్యూబ్ తీసేస్తే రంధ్రం మామూలుగా దానంతట అదే పూడుతుంది.

‘ఠాగూర్’ సినిమా వచ్చిన 2003 నుంచి మరో అనుమానం ఇళ్లలో పాతుకుపోయింది.. చనిపోయిన మనిషిని మిషన్ మీద పెట్టి డబ్బు గుంజుతారని. వెంటిలేటర్ గాలిని మాత్రమే నెడుతుంది, ఆగిన గుండెను ఆడించలేదు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి గుండె మాత్రం మిషన్ మీద కొన్నాళ్లు కొట్టుకోగలదు. ఈ రెండింటి తేడా ఎవరూ విడమరిచి చెప్పరు, అందుకే అనుమానం పోదు.

‘తీసేయమంటే మనమే చంపినట్టా?’ అని ఇంటి పెద్దలు నలిగిపోయేదీ ఇక్కడే. మెదడు పనులన్నీ పూర్తిగా ఆగాయని, తిరిగి రావని నిపుణులైన డాక్టర్లు తేలిస్తే, గుండె మిషన్ సాయంతో కొట్టుకుంటున్నా పరికరాలు తొలగించవచ్చని 1986లో అమ్మాన్‌లో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. ఉలమాలలో వేరే అభిప్రాయాలూ ఉన్నాయి. కోలుకునే ఆశ లేని పేషెంట్ల విషయంలో సుప్రీంకోర్టు 2018లో దారి చూపి, 2023 జనవరిలో సులభం చేసింది. ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు, దానిపై మరో ముగ్గురి బోర్డు, వీలైనంత వరకు 48 గంటల్లో నిర్ణయం. చిన్న ఊళ్లలో మాత్రం ఇప్పటికీ జరిగేది మరొకటి. డబ్బు అయిపోయాక ‘మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నాం’ అని కొడుకు సంతకం పెడతాడు. అంబులెన్స్‌లో చేత్తో గాలి సంచి నొక్కుతూ ఇంటి గుమ్మం దాకా తెస్తారు.