వంకలు పెట్టు బిడ్డతో బట్టల బజారు

ఆడపిల్లలకు బట్టలు కొనుట తల్లులకు వేడుక యందురు. పదునైదేండ్ల కూతురు వెంటనుండగా ఆ వేడుక యెట్టి పరీక్షయగునో మేము మొన్నటి శ్రావణమాసమున చక్కగా నెఱిగితిమి.

మా తోడికోడలి కుమార్తె పెండ్లికి మా అమ్మాయికి లంగా, ఓణీ కొనవలసి యుండెను. బడిపంతులుగారి సంసారము గనుక ఇంతకు మించరాదని ఒక మొత్తమును కొంగున ముడివైచికొని, ఉదయముననే బెజవాడకు బస్సెక్కితిమి. మొదట పాతబస్తీలో వస్త్రలత మెట్లెక్కి దిగితిమి. పిమ్మట గవర్నరుపేటకు వచ్చి, బీసెంటు రోడ్డున ఈ చివరనుండి ఆ చివరకు నడచితిమి. చూపినదానికెల్ల పిల్ల వంకపెట్టెను. ఒకటి గఱుకు, ఒకటి జాఱుడు. ఒకదాని జరీ గ్రుచ్చుకొనును, ఇంకొకదాని రంగు మొదటి ఉతుకుడుకే వెలియును. గుట్టగా పోసిన బట్టలను అంగడివారు మరల మడతపెట్టుచుండగా మాకు సిగ్గు వేసెను. ఉక్కకు తలనొప్పియు పట్టుకొనెను.

తుదకు వేఱొక వీధిలోని అంగడిలో కలంకారీ ఓణీ యొకటి మాకు ముచ్చటగొలిపెను. “చేతి అద్దకమమ్మా, పెడన సరకు” అని వర్తకుడు చెప్పెను. పిల్ల దానిని తిరగవైచి చూచి పెదవి విఱిచెను. అంతటితో మా యోర్పు నశించినది. “నీకు నచ్చు బట్ట ఆ బ్రహ్మదేవుడే నేయవలె” అని పదిమందిలో గదిమితిమి. పిల్ల తలవంచుకొని, “సరే, నీ యిష్టమమ్మా” అనెను.

ఆ మాట విని మేము ఉలికిపడితిమి. మా పెండ్లిచీరను పెద్దలు తెచ్చి చూపినప్పుడు, ఆ రంగు మాకు ఏమాత్రము నచ్చకున్నను, మేము పలికిన మాటయు నదియే. బుద్ధిమంతురాలని అందఱును మెచ్చిరి. ఆ చీర నేటికిని పెట్టె అడుగుననే యున్నది.

బిల్లు వ్రాయబోవువానిని ఆగుమని, పిల్లను ప్రక్కకు పిలిచి, ఏల నచ్చలేదో చెప్పుమంటిమి. “ఇది అచ్చుతో అద్దినది కాదమ్మా, స్క్రీను ప్రింటు. వెనుకవైపు చూడు, రంగు దిగనేలేదు. పూవులన్నియు ఒక్కతీరుననే యున్నవి. చేతితో వేసినచో ఎక్కడనో ఒకచోట అచ్చు కొంచెము తప్పును” అనెను. బడిపిల్లలతో పెడన పోయినప్పుడు చూచి నేర్చినదట! వర్తకుడు మాఱుపలుకలేదు.

బందరుకు చేరువనున్న ఆ పెడనలో బట్టను కరక్కాయయు పాలును కలిపిన నీట తడిపి యారవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీట ఊరవైచి నలుపు చేయుదురు. ఎఱుపు నిలుచుటకు పటిక వాడుదురు. చెక్క అచ్చులను చేతితో ఒత్తి, ఉడికించి, పాఱునీట జాడింతురు. ఇంత శ్రమగల బట్టకు పెట్టు వెలను యంత్రపు ముద్రకు పెట్టుట ఆ పనివారికి అన్యాయము గాదా? 1611లో ఇంగ్లీషువారు బందరున వర్తకశాల పెట్టినది ముఖ్యముగా ఈ తీరపు వస్త్రములకొఱకే. పారసీకమునకు పోవు బట్టలపై ఆ దేశస్థులు మెచ్చు లతలనే మనవారు అద్దిరి. ఏరి, కోరి, వంకపెట్టి కొనువారుండుటచేతనే పనివాని చేయి తీరినది.

చివరకు మంగళగిరి నేత ఓణీ దొరకెను. గుంటమగ్గముపై నేసిన సన్నని నూలు, నడుమ పూవులు లేని నిండురంగు, అంచున జరీ. పిల్ల దానిని చెంపకు ఆనించుకొని, “ఇది” అనెను. అంతకుమించి మాటలేదు. మా ముడిలో ఇంకను కొంత సొమ్ము మిగిలెను.

మా యనుభవమున తేలినదేమనగా, సొమ్మెంతయో బయలుదేరకమునుపే పిల్లకు చెప్పవలెను. ఆకలివేళకు ముందే బేరము ముగింపవలెను. వలదన్నప్పుడు, కోపపడుటకు ముందు, ఏల యని యడుగవలెను. కారణము చెప్పగలిగినచో అది వంక గాదు, వివేకము. చెప్పలేనిచో, అడుగగా అడుగగా ఆలోచించుట నేర్చుకొనును.

మన యిండ్లలో కన్నెపిల్లలచేత రుక్మిణీకల్యాణము చదివింతుము. అన్న నిశ్చయించిన వరుని కాదని, అగ్నిద్యోతనునిచేత తన మనసు చెప్పి పంపిన కన్య కథ యది. ఆ కథ చదివించుచునే, ఓణీ విషయమున నోరెత్తవలదనుట యెట్టి న్యాయము? నేడు బట్టను తిరగవైచి చూడనేర్చిన పిల్ల, రేపు అంతకన్న పెద్ద విషయములను అట్లే పరీక్షింపగలదు.

ఇంటికి వచ్చినపిమ్మట పెట్టె అడుగునున్న మా పెండ్లిచీరను పైకి తీసితిమి. పిల్ల దానిని తిరగవైచి, వ్రేళ్లతో తడవి చూచి, “నేత మంచిదేనమ్మా, రంగే నీకు నప్పదు” అనెను. ఇన్నేండ్లకు ఆ మాట అన్నవారొకరు దొరకిరి.