దీపం పోయినా మాట పోరాదు

గోదావరి జిల్లాల వాళ్ళకి గాలివాన కొత్తేమీ కాదు. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చిపెట్టిన తుపానును మరిచినవారెవరు? అప్పుడు రోజుల తరబడి కబురు లేకపోయినా జనం ఓర్చుకున్నారు. ఇప్పుడో, గంటసేపు మనం పలక్కపోతే హైదరాబాదులో కొడుకూ, అమెరికాలో కూతురూ అన్నం ముట్టరు!

అంచేత మా రాయవరంలో కరెంటు పోయినా రౌటరు ఆరకుండా చిన్న బ్యాటరీ కొందామని బయల్దేరాను. "ఏదైనా ఒకటేనండి" అన్నాడు కొట్లో కుర్రాడు. కాదు సుమండీ! ముందు రౌటరు అడాప్టరు మీది అక్షరాలు చదవండి. 12 ఓల్టులు, 1 ఆంపియరు అని ఉంటే మహా అయితే 12 వాట్లు. బ్యాటరీ ఇచ్చేదీ 12 ఓల్టులే కావాలి. ఆంపియర్లు ఎక్కువైనా ఫరవాలేదు, తగ్గకూడదు. ఫైబరు డబ్బా వేరుగా ఉంటే దానికీ ఆసరా కావాలి.

డబ్బామీద 8,000 మిల్లీ ఆంపియర్-అవర్లని చూసి మురిసిపోకండి. అది సాధారణంగా లోపలి 3.7 ఓల్టుల సెల్లు లెక్క. గుణిస్తే సుమారు 30 వాట్-అవర్లు. నష్టాలు పోను, 10 వాట్లు తాగే రౌటరుకు రెండున్నర గంటలు.

"టీవీ కూడా తగిలించరాదూ?" అంది మా ఆవిడ. 70 వాట్ల టీవీకి అది ఏ మూలకి? దానికి ఇన్వర్టరే శరణ్యం.

చివరగా ఒక్క మాట. ఫైబరు తీగలో నడిచేది వెలుతురు, కరెంటు కాదు. ఆ వెలుతురు పంపే ఆఫీసులోనూ బ్యాటరీ ఉండాలిగా! అవతలి ఒడ్డున పడవవాడు నిద్రపోతే, ఇవతల మనం లాంతరు పట్టుకు నిలబడి ఏం లాభం? ముందు కేబులాయన్ని అడగండి. ఆ తరవాతే డబ్బు తీయండి.