పులి గెలిచింది, షాపు మూతపడింది

‘మాయాబజార్’ (1957)లో లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి దూకుతుంటే హాలంతా ఈలలే ఈలలు. అది ఎవరి చలవ అని అడిగితే ఆ తరం ప్రేక్షకుడు “మార్కస్ బార్‌ట్‌లే” అని ఠక్కున చెప్పేవాడు. మరి ‘లైఫ్ ఆఫ్ పై’ (2012)లో పడవ మీద పిల్లాడితో కాపురం చేసిన పులి ఎవరి చలవ? చెప్పండి చూద్దాం! ఆంగ్ లీ అంటారా? ఆయన చేయించుకున్నాడండీ. చేసింది ‘రిథమ్ అండ్ హ్యూస్’ అనే కంపెనీ. ఆ చేతుల్లో మన హైదరాబాద్ కుర్రాళ్ల చేతులూ ఉన్నాయి.

ఈ కంపెనీ 1987లో లాస్ ఏంజిల్స్‌లో పుట్టింది. జాన్ హ్యూస్ అనే పెద్దమనిషి మరికొందరితో కలిసి పెట్టాడు. మాట్లాడే పందిపిల్ల ‘బేబ్’కి ఒక ఆస్కార్, ‘గోల్డెన్ కంపాస్’కి ఇంకో ఆస్కార్. జంతువుకి ప్రాణం పోయాలంటే వీళ్లే పొయ్యాలి అన్న పేరొచ్చేసింది. 2000 తర్వాత ముందు ముంబైలో, ఆపైన హైదరాబాదులో శాఖలు తెరిచారు. మనకూ వాళ్లకూ పన్నెండు పదమూడు గంటల తేడా కదా! అక్కడ దీపాలార్పే వేళకి ఇక్కడ టీ గ్లాసులు గలగలమనేవి. ఒకే షాటు, రెండు దేశాల్లో రెండు షిఫ్టులు.

పని సంగతి కాస్త చెప్పాలి. సినిమా సెకనుకి 24 బొమ్మలు. ‘లైఫ్ ఆఫ్ పై’ త్రీడీ కాబట్టి ఎడమ కంటికి 24, కుడి కంటికి 24. అంటే నిమిషానికి 2,880 బొమ్మలు. ఒక్కో బొమ్మలో మనిషి అంచు కత్తిరించాలి, తాళ్లు చెరపాలి, వెనక సముద్రం అతకాలి. తైవాన్‌లో నీళ్ల ట్యాంకులో కుర్రాడు సూరజ్ శర్మ చాలాచోట్ల లేని పులిని చూసి జడుసుకున్నాడు. నిజం పులులు కొన్ని షాట్లలో ఉన్నాయి, మిగతాదంతా కంప్యూటర్ పులే. ఏది ఏదో పోల్చడం నావల్ల కాలేదు. మీవల్ల అయితే కార్డు ముక్క రాయండి.

అయితే ఇంత పనిమంతుల కొంప ఎందుకు మునిగింది? లెక్కలో ఉంది కిటుకు. ఈ వ్యాపారంలో పని మొదలవకముందే మొత్తానికి ఇంత అని ఒప్పేసుకుంటారు. ఆపైన దర్శకుడికి పులి తోక నచ్చకపోతే మళ్లీ చెయ్యాలి. మీసం నచ్చకపోతే మళ్లీ చెయ్యాలి. ఒప్పుకున్న డబ్బు మాత్రం పెరగదు. విడుదల వాయిదా పడినా జీతాలు ఆగవు. మన పక్క మేస్త్రీ ఎవడైనా ఇలాంటి బేరానికి ఒప్పుకుంటాడా? గోడ పగలగొట్టి మళ్లీ కట్టమంటే “అయ్యా, ఇది వేరే లెక్క” అంటాడు! దీనికితోడు కెనడా, ఇంగ్లాండు ప్రభుత్వాలు రాయితీలిచ్చి పనిని తమవైపు గుంజుకున్నాయి.

2013 ఫిబ్రవరిలో పులికి బ్రిటన్ వాళ్ల బాఫ్టా అవార్డు వచ్చింది. అదే వారంలో కంపెనీ దివాలా పిటిషన్ పెట్టింది. లాస్ ఏంజిల్స్‌లో 250 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఫిబ్రవరి 24న ఆస్కార్ సభ. బయట వీధిలో వందలమంది గ్రాఫిక్స్ కళాకారులు ప్లకార్డులు పట్టుకున్నారు. లోపల బిల్ వెస్టెన్‌హోఫర్ బహుమతి అందుకుని, కంపెనీ కష్టం గురించి నోరు విప్పబోయాడు. వెంటనే ‘జాస్’ సొరచేప సంగీతం మోగింది, మైకు కట్! మాట సాగితే సంగీతం వెయ్యడం అక్కడ ఆనవాయితీయే అనుకోండి. కానీ మునిగిపోతున్నవాడి మీదికి సొరచేప పాట వదలడం నాకు మింగుడుపడలేదు.

సినిమా 60 కోట్ల డాలర్లు పైచిలుకు వసూలు చేసింది, నాలుగు ఆస్కార్లు తెచ్చుకుంది. ఆ డబ్బులో పులి చేసినవాళ్లకి వాటా లేదు. చేతిలో ఉన్న పని పూర్తి చెయ్యడానికి ఫాక్స్, యూనివర్సల్ సంస్థలే అప్పు పెట్టాల్సి వచ్చింది. పులి సినిమా ఫాక్స్ వారిదే సుమండీ! మార్చిలో వేలంలో ప్రాణా స్టూడియోస్ అనుబంధ సంస్థ కంపెనీని కొనుక్కుంది. పాత వెలుగు మాత్రం మళ్లీ రాలేదు.

మా పెద్ద అంబర్‌పేట్ దాటి విజయవాడ రోడ్డున కాస్త పోతే రామోజీ ఫిల్మ్ సిటీ. సెట్టింగులు చూడ్డానికి బస్సులకొద్దీ జనం వస్తారు. సెట్టింగైతే కూలగొట్టేదాకా కంటికి కనిపిస్తుంది. కంప్యూటర్ ముందు నెలలతరబడి పులి వెంట్రుకలు దువ్విన కుర్రాడి పని చూడాలంటే టికెట్టు ఎక్కడిస్తారు? ఆఖర్లో పేర్లు పడేసరికి మనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటాం.

ఈ గొడవంతా ‘లైఫ్ ఆఫ్టర్ పై’ అని 2014లో అరగంట డాక్యుమెంటరీగా తీశారు. దొరికితే చూడండి. అన్నట్టు, పులి వచ్చిన 2012లోనే మన హైదరాబాద్ మకుటవారు చేసిన ‘ఈగ’ కూడా వచ్చింది, జాతీయ అవార్డు కొట్టింది. దాని సంగతి వచ్చేవారం.