రాజుగారి వంటశాలలో కొలత



రాజుల కొలువున వంటవానిది కొఱత యెఱుగని బ్రతుకని లోకము తలంచును. విరాటుని వంటశాలలో వలలుడను పేర భీమసేనుడు గరిటె పట్టిన కథ మీ రెఱిగినదే. అచ్చట కావలసినవి కండబలమును, రుచి తెలిసిన నాలుకయును. యుద్ధకాలమున రాజుగారి వంటవానికి వీనికంటె వేఱైన విద్య యొకటి కావలసివచ్చును. అది కొలత. ఇంగ్లండు రాజుల వంటశాల ఈ విద్యను నేర్చుకొన్న తీరును ఈ మాసము ముచ్చటింప దలచితిమి. అందు మన యిండ్లకు పనికివచ్చు సంగతియు నొకటి కలదు.

గేబ్రియల్ చూమీ యను స్విట్జర్లాండు దేశీయుడు 1898లో విక్టోరియా రాణిగారి వంటశాలలో శిష్యుడుగ ప్రవేశించెను. ఆ పిదప ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి ప్రభువుల కొలువునను పనిచేసి, తన యనుభవములను 1954లో గ్రంథరూపమున వెలువరించెను. అతడు పని నేర్చిన నాళ్ళు సమృద్ధి నాళ్ళు. 1902 జూను నెలలో ఎడ్వర్డు ప్రభువు పట్టాభిషేకమునకు విందు సిద్ధమగుచుండగా, రాజుగారికి కడుపులో వ్యాధి ముదిరి శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. ఉత్సవము వాయిదాపడెను. నిలువయుండని పదార్థములను లండను తూర్పుభాగమందలి బీదలకు పంచిపెట్టిరి. రాజుల విందు బీదల నోటి కందుటకు అంతటి యాపద కావలసివచ్చెను!

1914లో మొదటి మహాయుద్ధము వచ్చెను. ఇంగ్లండు ప్రజలు తిను గోధుమలలో ఎక్కువభాగము ఓడలమీద రావలసినదే. జర్మనుల జలాంతర్గాములు ఆ యోడలను ముంచుచుండ, రొట్టెకే కఱవు వచ్చునను భయము కలిగెను. 1915 ఏప్రిల్ 6 మొదలు జార్జి ప్రభువు తన గృహమున మద్యమును మానిపించెను. 1917 మే 2న ఒక ప్రకటన గావించి, రొట్టె వాడుకను నాలుగవ వంతు తగ్గింపుడనియు, సాధ్యమైనంతవఱకు పిండివంటలకు గోధుమపిండి వాడవలదనియు గృహస్థులను కోరెను.

ఈ మాట వంటవాని చేతుల నెట్లు కట్టివైచునో యోచింపుడు. ఆ కొలువున సాగునది ఫ్రెంచివారి పాకపద్ధతి. వెన్నలో పిండి వేయించి చిక్కబఱచిన సాసులు దానికి ప్రాణము. భోజనాంతమున వచ్చు తీపి పదార్థములకు పిండియు పంచదారయు ఆధారము. నేతిగిన్నెయు బెల్లపుకుండయు లాగికొని బొబ్బట్లు చేయుమన్నచో మన పాటేమి? ఏండ్లతరబడి శ్రమించి నేర్చిన నేర్పును ప్రక్కన పెట్టి, ఉన్నదానిని లెక్కించి వండుటయే నూతన విద్యయయ్యెను.

ఆ దినములలో ప్రొద్దుటి ఫలాహారమును లెక్కప్రకారమే వండుచుండిరి. ఆలస్యముగ వచ్చినవారికి ఏమియు మిగులదు. ఒక యుద్యోగి టెలిఫోను పనిమీద నిలిచిపోయి, వచ్చి చూచునప్పటికి పళ్ళెములు ఖాళీ. ఉడికించిన గ్రుడ్డొకటి తెమ్మనెను. అంతట ప్రభువు మండిపడి, అతని తిండిపోతుతనమువలన యుద్ధమే ఓడిపోవుదుమన్నంత మాట యనెనని ఆ కొలువుననున్న వేఱొక యుద్యోగి తన స్మృతులలో వ్రాసెను. నవ్వు వచ్చు కథయే. కాని ఒక గ్రుడ్డుకు రాజు పేదవాడగునా? తన యిల్లు మినహాయింపైనచో తన మాటను దేశమున నమ్మువారుండరని ఆయన యెఱుగును. 1918లో రేషను ఏర్పడినప్పుడు రాజదంపతులకును చీట్లు వచ్చినవి. పంచదార మనిషికి వారమునకు అరపౌను. రాజున కెంతయో, గిన్నెలు తోము పనివానికి నంతయే.

రెండవ యుద్ధమునను 1940 జనవరి 8 మొదలు రేషను మఱల వచ్చెను. 1942 అక్టోబరులో అమెరికా అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్వెల్టు రాజమందిరమున అతిథిగ నుండెను. పళ్ళెములు వెండివి, బంగారువి. వానిలోని భోజనము మాత్రము ఇంగ్లండులో ఏ యింటనైనను దొరకునదే యని యామె తెలిపెను.

అదే కిరీటపు నీడనున్న వంగదేశమున మఱుసటి యేడు, 1943లో, ఏమి జరిగెను? బియ్యపు ధర బీదలకందక పెరిగెను. సైన్యమునకును, కలకత్తా కర్మాగారములలోని వారికిని ముందు అందించిరి. పల్లెలలోని కూలీలకు, బెస్తలకు తలకింతయను కొలత యేదియు లేదు. 20 లక్షలు మొదలు 30 లక్షలవఱకు ప్రాణములు పోయెనని అంచనా. కలకత్తాలో రేషను వచ్చుటకు 1944 కావలసివచ్చెను. ప్రతి తలకు కొలత యున్నచోట రాజును బంటును బ్రదికిరి. లేనిచోట కడపటివారు చచ్చిరి.

ఇక మన యింటి సంగతి. మన వడ్డనలో కడపటివారెవరు? గరిటె పట్టిన యామెయే కదా! కూర అడుగంటినచో ఊరగాయతో సరిపెట్టుకొనును. దానిని త్యాగమని పొగడుదురు. మేము పొగడజాలము. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్లవఱకుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దీనికి కారణములు పెక్కు గలవు. మిగిలినది తినుట అందొకటి.

కావున సోదరీమణులారా, వడ్డనకు ముందే ఇంటనున్న తలలను లెక్కింపుడు. పప్పును, కూరను, పెరుగును ఆ లెక్కకే పంచుడు. మీ వంతును వేఱుగిన్నెలో తీసి మూతపెట్టుడు. అత్తగారు కోడలి గిన్నెను, కోడలు అత్తగారి గిన్నెను కనిపెట్టి చూడవలెను. చూలాలికిని, బాలెంతకును ఒక గరిటె యెక్కువయే యుండనిండు. రాజుగారి వంటవాని లెక్కలో అతని తలయు నొకటిగ నుండెను. మన లెక్కలో మన తల యేల లేకపోవలెను?