ఊరినడగని ఇంటి ప్లాను

విశాఖపట్నం: ఉక్కు కర్మాగారం ఉద్యోగుల కోసం కట్టిన ఉక్కునగరంలో సెక్టార్లు, వీధులు, బడులు ముందుగా కాగితం మీద గీసుకుని కట్టినవే. ఆ కర్మాగారానికి భూములిచ్చి కదిలిన పల్లెల వారికి మాత్రం గాజువాక, పెదగంట్యాడ ప్రాంతాల నిర్వాసిత కాలనీల్లో స్థలాలు దక్కాయి. ఇల్లు ఎవరి శక్తి కొద్దీ వారు కట్టుకున్నారు. ప్లాను గీసే చెయ్యి పల్లె జనానికి అందడం లేదనడానికి ఇదొక ఉదాహరణ.

ఆఫీసులో దినచర్య

ఆర్కిటెక్టు ఆఫీసుల్లో ఒకప్పుడు బల్లపై ట్రేసింగు కాగితం పరచి, టీ స్క్వేరు పట్టి గీసేవారు. నేడు కంప్యూటర్లపై గీస్తున్నారు. ప్లాన్లు గీయడం, అనుమతుల కోసం తిరగడం, కట్టుబడి దగ్గర మేస్త్రీలతో కొలతలు సరిచూసుకోవడం వారి రోజువారీ పని. 5 ఏళ్ల బి.ఆర్క్. చదివే విద్యార్థులు కొంతకాలం ఇలాంటి ఆఫీసుల్లోనే పని నేర్చుకోవాలి. పల్లెల్లో మాత్రం చాలావరకు మేస్త్రీ ముగ్గు పోసిందే ప్లాను.

2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన ప్రకారం ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు ఉండాలి. వంటకు చోటు కూడా అందులోనే. వలలు ఎక్కడ ఆరాలి, గొడ్డును ఎక్కడ కట్టాలి, బాలింత ఎక్కడ పడుకోవాలి అన్నవి ఈ కొలతలో తేలే సంగతులు కావు. ఆ ఇంట్లో ఉండబోయే వారిని అడిగితేనే తెలుస్తాయి.

చుట్టిల్లు చెప్పే పాఠం

ఉత్తరాంధ్ర తీరంలో పెద్దలు కట్టిన చుట్టిళ్ళకు ఏ ఆఫీసూ ప్లాను గీయలేదు. గుండ్రని మట్టి గోడ, నేల దాకా దిగిన తాటాకు కప్పు ఉండడంతో గాలి చుట్టూ జారిపోయేది. అగ్గి భయం, తరచు కప్పు నేయించే ఖర్చు పడలేక జనం వాటిని వదిలేశారు. 2014 అక్టోబరు 12న గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వచ్చిన హుద్‌హుద్ తుపాను రేకుల కప్పులను ఎగరేసుకుపోయింది. గాలి సంగతి తెలిసిన ఊరి పెద్ద, సిమెంటు సంగతి తెలిసిన ఆర్కిటెక్టు ఒకచోట కూర్చోవలసిన అవసరాన్ని ఆ తుపాను గుర్తుచేసింది.

కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఈ పని చేసి చూపారు. తిరువనంతపురం దగ్గరి పూంతురలో మత్స్యకారుల ఇళ్లను వరుసగా కాక అటూ ఇటూ జరిపి కట్టించారు. ప్రతి ఇంటికీ సముద్రపు గాలి తగిలింది, ఇళ్ల మధ్య వలలు ఆరేసుకునే జాగా మిగిలింది.

ఫీజు ఎవరిస్తారు?

ఆఫీసు నడవాలంటే ఫీజు రావాలి. ఒక్క పేద ఇంటి కోసం పల్లెకు వస్తే పెట్రోలు ఖర్చు కూడా గిట్టదు. అయితే కాలనీ అంతటికీ కలిపి ఒక్కసారి గీయిస్తే ఆ ఖర్చు ఇంటింటికీ పంచుకుపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదివే విద్యార్థులనూ ఈ పనిలోకి తీసుకోవచ్చు.

కాగితం మీది ప్లాను పల్లె జనానికి అర్థం కాకపోవచ్చు. అదే ప్లానును గ్రామసభ ముందు నేల మీద నిజమైన కొలతతో ముగ్గు పోసి చూపితే, మంచం ఎక్కడ పట్టదో, పొయ్యి పొగ ఎటు వస్తుందో ఆడవాళ్లే చెబుతారు. గోడ లేచాక చెప్పి లాభం లేదు. పునాది తీయకముందే ఇలా ముగ్గు పోయించమని పంచాయతీలు పట్టుబట్టాలి. గృహనిర్మాణ సంస్థ అధికారులు ఇందుకు ముందుకు రావాలి.